తుంగను లేపినవాళ్లు

బోదె మీద పరిచిన మల్చింగ్ పేపర్ను తుంగ మొలక పొడుచుకుని పైకి వచ్చేటప్పుడు టప్‌మని సన్నటి చప్పుడవుతుంది. పరిశోధన కేంద్రంలో సార్లకు ఈ మాట చెబితే నవ్వేవారు. కానీ ఇరవై ఆరేళ్లుగా కలుపు తీస్తున్న నాగులమ్మకు ఆ చప్పుడు బాగా తెలుసు. పొద్దున్నే, గాలి లేనప్పుడు, టమోటా చేలో ఇంకా ఎవరూ దిగకముందు, సాలు పక్కన కూర్చుని చెవి ఒగ్గితే వినిపిస్తుంది. ముందు ఒకటి. కాసేపటికి అవతలి బోదె మీద ఇంకొకటి. అంతటితో ఆ నెలకు పని దొరికినట్టే.

మదనపల్లెకు పడమరగా గుట్టల మధ్య ఉన్న గుట్టకిందపల్లెలో నాగులమ్మది తొమ్మిది మంది ఆడవాళ్ల ముఠా. నారు నాటడం, కలుపు తీయడం, కాయ కోయడం వాళ్ల పని. టమోటా చేలకు ప్లాస్టిక్ పేపర్ కొత్తగా వచ్చినప్పుడు ఇక కలుపు తీసేవాళ్లకు పనుండదని ఊరంతా అనుకుంది. సగం నిజమే అయింది. పేపర్ కింద చీకట్లో గరిక చచ్చింది, వయ్యారిభామ చచ్చింది, గంగపాయల కూర కూడా చచ్చింది. తుంగ ఒక్కటి చావలేదు. దాని మొలక మొన సూదిలా ఉంటుంది. పేపర్ ఎంత మందంగా ఉన్నా పొడుచుకుని బయటికి వస్తుంది. పైగా అడుగున డ్రిప్పు తడి, పోటీగా వేరే మొక్క లేదు. వట్టి నేలలో కంటే పేపర్ కిందే తుంగ కొవ్వెక్కి పెరిగింది.

ముఠాకు పని మిగిలింది, కానీ కష్టం రెట్టింపైంది. పేపర్ పరిచిన చోట దోకుడుపార ఆడదు. ఒక్కో చిల్లు దగ్గర మోకాళ్లూని, రెండు వేళ్లు లోపలికి దూర్చి, టమోటా వేరు తెగకుండా తుంగను పట్టి లాగాలి. పేపర్ పైవైపు వెండి రంగు. దాని మీద పడ్డ ఎండ అంతా వంగిన మొహాలకే తిరిగి కొడుతుంది. నడి ఎండాకాలంలో నెత్తిన కొంగు కప్పుకున్నా లాభం లేదు, వేడి కిందినుంచి వస్తుంది.

ఈ తుంగ అంతు చూస్తానని పట్టుబట్టింది నాగులమ్మ చెల్లెలు కుసుమ. ఇద్దరికీ పద్నాలుగేళ్ల తేడా. తల్లి పోయాక అక్కే పెంచింది, అక్కే చదివించింది. కుసుమ కలుపు మొక్కల మీదే పెద్ద చదువు చదివి, ఊరికి మూడు మైళ్ల దూరంలో ఉన్న కూరగాయల పరిశోధన కేంద్రంలో సైంటిస్టుగా చేరింది. రోజూ అక్క ఇంటినుంచే స్కూటర్ మీద పోయి వచ్చేది. నాగులమ్మ ముఠా కూడా నెలలో సగం రోజులు ఆ కేంద్రం మడుల్లోనే కూలికి పోయేది. చెల్లెలు నీడన రాసుకుంటూ ఉంటే అక్క ఎండలో పీకుతూ ఉండేది. ఇద్దరూ దాన్ని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం కుసుమ అక్కను ప్రయోగశాలలోకి పిలిచి, బల్ల మీద రెండు గాజు తొట్లు చూపించింది. రెండింటిలోనూ మట్టి, మట్టిలో తుంగ గడ్డలు, పైన పేపర్. మొదటి తొట్టిలో ఏడెనిమిది మొలకలు పేపర్ను చీల్చుకుని నిక్కి ఉన్నాయి. రెండోదాని మీద ఒక్కటీ లేదు. కుసుమ ఒక నల్ల కంబళి తెచ్చి అక్క తల మీదా తొట్టి మీదా కలిపి కప్పి, లోపల పేపర్ అంచు ఎత్తి చూడమంది.

నాగులమ్మ చూసింది. ముందు ఏమీ కనబడలేదు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక పేపర్ అడుగున పచ్చటి వెలుగు పొడి చల్లినట్టు కనిపించింది. మండే వెలుగు కాదు, వేడి లేదు. ఆ వెలుగులో తుంగ మొలకలు సూదుల్లా లేవు. పేపర్ దాకా రాకముందే ఆకులు విప్పేసుకుని, పైకి పోలేక మడతలు పడి, పాలిపోయి ఉన్నాయి.

కొండ అడవిలో కుళ్లిన దుంగల మీద మినుకుమినుకుమనే బూజు ఒకటి ఉందని, దాన్ని తెచ్చి పెంచి, జిగురులో కలిపి పేపర్ అడుగున పూశానని కుసుమ చెప్పింది. "మొలకకి కండ్లుండవు గానీ వెలుగు తెలుస్తాదక్కా. చీకట్లో ఉన్నంతసేపూ మొన మూసుకుని పొడస్తానే పోతాది. వెలుగు తగిలిందంటే బయటికి వచ్చేసినా అనుకుంటాది. ఆకు విప్పేస్తాది. విప్పినాక ఇంక పొడవలేదు."

ఆ కాస్త వెలుగు ఆకు బతకడానికి చాలదు. గడ్డలో దాచుకున్న సత్తువంతా ఆ ఆకుకే ఖర్చుపెట్టి గడ్డ లోపల్లోపలే డొల్లయిపోతుంది. మూడు పంటలు ఇలా చేస్తే నేలలో తుంగే మిగలదని కుసుమ లెక్క.

నాగులమ్మ కంబళి తీసి తల సర్దుకుంది. చెల్లెలి మొహం వెలిగిపోతోంది. బాగుందే అని మాత్రం అంది. తిరిగి మడిలోకి నడిచి వస్తుంటే ఆమెకు తన ముఠాలో తొమ్మిది మందీ వరసగా కళ్లముందు నిలబడ్డారు. తుంగ పోతే వీళ్లేం తింటారు?

*

మినుకుమనే బూజు పూసిన పేపర్కు మినుకు పేపర్ అని పేరు పడింది. దాన్ని మొదట పరిచింది మునిరత్నం అనే రైతు చేలో. ఊళ్లో అందరికంటే తుంగ ఎక్కువున్న నేల ఆయనదే. మందులు కొట్టి చూశాడు, తుంగ మాడింది గానీ పక్కనున్న టమోటా కూడా మాడింది. రెండేళ్లుగా నష్టపోయి, ఈసారి కూడా ఇలాగే అయితే బోరు మూసేసి బెంగళూరుకు లారీ తోలడానికి పోతానంటున్నాడు. కుసుమ వెళ్లి అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అర ఎకరా ఇచ్చేశాడు.

ఎనిమిదో రోజు పొద్దున నాగులమ్మ గట్టు మీద కూర్చుని ఉండగానే టప్‌మని వినిపించింది.

కుసుమ పరుగున వచ్చి పేపర్ ఎత్తి చూసింది. వెలుగు లేదు. ప్రయోగశాల చల్లదనంలో నెలల తరబడి బతికిన బూజు చేలో వేడికి అయిదు రోజులకే ఎండిపోయింది. తుంగేమో ఒకేసారి మొలవదు. ఇవాళ కొన్ని, పది రోజులకు కొన్ని, నలభై రోజుల దాకా గడ్డలు ఒకదాని తర్వాత ఒకటి లేస్తూనే ఉంటాయి. అయిదు రోజుల వెలుగు ఏ మూలకు?

అక్కడినుంచి కుసుమకు పట్టుకున్న పిచ్చి ఇంతా అంతా కాదు. ఆ బూజును నలభై రోజులు ఎలా బతికించాలన్నదే ఆలోచన. జిగురు మార్చింది. బోదెల మీద షేడ్‌నెట్ కట్టింది. రెండు పొరల పేపర్ చేయించింది. అన్నం ముందు కూర్చుని కలపడం మరిచిపోయేది. రెండో పంటకు ఏడు రోజులు నిలిచింది వెలుగు. మూడో పంటకు మళ్లీ ఆరే. మునిరత్నం చేను వైపు రావడం మానేశాడు.

ఒకరోజు కుసుమ ముఠా మొత్తాన్ని చెట్టుకింద కూర్చోబెట్టి అడిగింది. తుంగ ఎప్పుడు తొందరగా మొలుస్తుంది, ఎప్పుడు ఆలస్యంగా మొలుస్తుంది, మీకు తెలిసింది ఏదైనా చెప్పండి అని బతిమాలింది. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దానిష్టం పాపా, అది ఎప్పుడొచ్చేదీ ఎవరికి తెలుస్తాది అన్నారు. నాగులమ్మ తల వంచుకుని సద్దన్నం గిన్నె కడుక్కుంటూ ఉండిపోయింది.

తెలియక కాదు. తుంగను పీకిన నాలుగో రోజుకు ఆ చోట పచ్చగా పరుపు పరిచినట్టు మొలుస్తుందని ఆమెకు తెలుసు. ఒకటి లాగితే పది లేస్తాయి. అందుకే వాళ్లకు ఏడాది పొడుగునా పని. ఆ మాట చెల్లెలికి చెబితే, చదువుకున్న బుర్ర గనక, దాన్ని పట్టుకుని ఎక్కడికో పోతుందని కూడా తెలుసు. చెప్పడమంటే తన చేత్తో తొమ్మిది మంది పొయ్యిల్లో నీళ్లు పోయడమే. అలా అనుకుని నోరు కట్టుకుంది. ఇంట్లో చెల్లెలు పీక్కుపోయిన మొహంతో ఎదురుగా కూర్చున్నప్పుడు మాత్రం తన పళ్లెంలోని కూర కూడా చెల్లెలి పళ్లెంలో వేసి లేచిపోయేది.

చివరికి కేంద్రం డైరెక్టరు కుసుమను పిలిచి, మూడు పంటలు పోయాయి కాబట్టి ఈ పని ఇంతటితో ఆపేయమన్నాడు. జూన్ ఆఖరుకు బూజు పెంచుతున్న డ్రమ్ములన్నీ కాల్చేసి, షెడ్డు ఖాళీ చేయాలి. కుసుమ ఆ కాగితం ఇంటికి తెచ్చి అక్కకు చదివి వినిపించి, మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదని నాగులమ్మ అనుకుంది.

*

ఏప్రిల్ నెల. మునిరత్నం చేలో మామూలు పేపర్ మీద వేసిన టమోటా పూత మీద ఉంది, తుంగ దాన్ని మించి లేచింది. ముఠా దిగింది. ముఠాలో అందరికంటే చిన్నది చెంగమ్మ, ఇరవై నాలుగేళ్లది, ఏడో నెల కడుపుతో ఉంది. రావద్దని నాగులమ్మ చెప్పింది. కూర్చుని చేసే పనే గదా పెద్దమ్మా అని వచ్చింది.

పదకొండు దాటాక, మూడో సాలు మధ్యలో, చెంగమ్మ ఒక చిల్లులోకి చెయ్యి పెట్టి అలాగే ముందుకు ఒరిగి వెండి పేపర్ మీద బోర్లా పడిపోయింది. ఎవరూ కేక వేయలేదు. నాగులమ్మ తిరిగి చూసేసరికి ఆ పిల్ల చెంప కాలుతున్న పేపర్కు ఆనించి ఉంది, చేతిలో పీకిన తుంగ ఉంది. నలుగురూ కలిసి మోసుకుని గట్టు దాటించి, మునిరత్నం ఆటోలో మదనపల్లె ఆస్పత్రికి చేర్చారు. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. అరచేయంత ఉంది. గాజుపెట్టెలో పెట్టారు. వడదెబ్బ వల్లే ఇంత ముందు కాన్పయిందని, తల్లికి ప్రాణభయం లేదని, బిడ్డ సంగతి వారం పోతే గానీ చెప్పలేమని డాక్టరమ్మ చెప్పింది.

నాగులమ్మ మర్నాడు పొద్దున ఆస్పత్రి నుంచి బస్సు దిగి ఇంటికి పోలేదు. నేరుగా పరిశోధన కేంద్రానికి పోయింది. గోళ్లలో మట్టి అలాగే ఉంది. ప్రయోగశాల తలుపు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, చెల్లెలి చేతిలో ఉన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వు వెలుగుని నలభై దినాలు నిలబెట్టాలని చూస్తా ఉండావు. తుంగని నాలుగు దినాల్లో లేపితే చాలదా?"

కుసుమకు ముందు అర్థం కాలేదు. నాగులమ్మ ఆమెను పేపర్ లేని మడిలోకి తీసుకుపోయి, గడ్డపారతో జాగ్రత్తగా తవ్వి, ఒక తుంగ మొక్కను వేరు తెగకుండా పైకి తీసింది. ఒక్క మొక్క కింద పదకొండు గడ్డలు, సన్నటి తీగతో ఒకదానికొకటి కట్టి గొలుసులా వేలాడాయి. మొలిచింది కొసన ఉన్న ఒక్కటే. మిగతా పదీ నల్లగా, గట్టిగా, నిద్రలో ఉన్నాయి. ఆ కొస గడ్డ బతికున్నంతకాలం మిగతావాటిని లేవనివ్వదని నాగులమ్మ తనకు తెలిసిన భాషలో చెప్పింది. పైమొక్కను లాగితే తీగ తెగుతుంది. తెగిన మరుక్షణం నుంచీ ఒక్కో గడ్డా తానే పెద్దననుకుంటుంది. నీళ్లు పెడితే నాలుగో రోజుకు పదీ ఒక్కసారే లేస్తాయి.

"ముందు మేము దిగుతాం. చేనంతా అడుగు లోతు దోకి గొలుసులన్నీ తెంచుతాం. నీళ్లిడుస్తాం. మూడో దినం నీ పేపర్ పరుచు. అన్నీ ఒక్కటిగా లేస్తాయి, లేచినవన్నీ నీ వెలుగులోకే వస్తాయి. అయిదు దినాలు చాలుతాది."

కుసుమ ఆ గొలుసును చేతిలోకి తీసుకుని ఒక్కో గడ్డనూ వేలితో తడిమింది. గొలుసు సంగతి ఆమె చదువుకున్నదే. చదివి, పరీక్షలో రాసి, పక్కన పెట్టేసింది. తన బూజును ఎలా బతికించాలన్న ధ్యాసలో పడి, తుంగను తొందరపెట్టొచ్చన్న ఆలోచనే రాలేదు. ఆఖరికి నెమ్మదిగా అడిగింది.

"ఇది నీకు ఎప్పట్నించి తెలుసక్కా?"

"మొదట్నించీ."

"మూడు పంటలు పోయినాయి."

"పోయినాయి. నేనే పోనిచ్చినా. చెప్తే మా పని మేమే నరుక్కున్నట్టని భయపడినా. నా భయానికి చెంగమ్మ బిడ్డ గాజుపెట్టెలో ఉండాది."

కుసుమ మడి దాటి వెళ్లిపోయింది. ఆ రోజు, ఆ మర్నాడు అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. కుసుమ అక్క వండిపెట్టింది తిని, తన గిన్నె తాను కడుక్కుని స్కూటరెక్కి పోయేది. మూడో రోజు పొద్దున స్కూటర్ బయటికి తీసి ఎక్కకుండా నిలబడి, డైరెక్టరు సారు దగ్గరికి నువ్వు కూడా రావాలి, నువ్వయితేనే చెప్పగలవు అంది. నాగులమ్మ కొంగు దోపుకుని వెనక కూర్చుంది.

డైరెక్టరు ఎదురుగా నాగులమ్మ ఆ గొలుసును బల్ల మీద పరిచి, చెల్లెలికి చెప్పినట్టే చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు, కాకపోతే కాగితం మీద సంతకం పెట్టేశాడు. జూన్ ఆఖరు దాకా గడువుంది కాబట్టి, మిగిలిన డ్రమ్ములతో ఎంత చేయగలిగితే అంత చేసుకోమన్నాడు. అయితే నాగులమ్మ లేవలేదు. ఇది పనిచేస్తే ఈ పేపర్కు పూత పూసే పని, పరిచే పని మా ముఠాకే ఇస్తామని రాసివ్వమంది. పెద్ద ఫ్యాక్టరీ వాళ్లు చేస్తారు గదమ్మా అన్నాడాయన.

"బూజు అయిదు దినాలే గదా సార్ బతికేది. ఫ్యాక్టరీ నుంచి లారీలో వచ్చేసరికే చస్తాది. పరిచే ముందు దినం చేను పక్కనే పూయాల. పక్కన ఉండేది మేమే."

ఆయన కుసుమ వైపు చూశాడు. కుసుమ నవ్వాపుకోలేక కిటికీలోంచి బయటికి చూస్తోంది. మూడు పంటలుగా తనను ఏడిపించిన లోపం అక్క చేతిలో హక్కయి కూర్చుంది. ఆయన కాగితం తీసుకుని రాశాడు.

*

ఇంకొక్క పని మిగిలింది, అదే అన్నిటికంటే కష్టం. నాగులమ్మ ఆస్పత్రికి పోయి చెంగమ్మ మంచం పక్కన కూర్చుంది. బిడ్డకు పదిహేను రోజులు. గాజుపెట్టెలోనే ఉన్నా పాలు మింగుతోంది. నాగులమ్మ దాచకుండా మొత్తం చెప్పేసింది. ఈ ఉపాయం తనకు ఎప్పటినుంచో తెలుసని, మొదటి పంటకే చెప్పి ఉంటే ఆ రోజు ఆ చేలో తుంగే ఉండేది కాదని, నువ్వు పడిపోయేదానివి కాదని చెప్పి, ఏమన్నా అను అని చేతులు ఒళ్లో పెట్టుకుంది.

చెంగమ్మ మోచెయ్యి ఊని మంచం మీద లేచి కూర్చుంది.

"పీకితే పది లేస్తాయని ఎవరికి తెలీదు పెద్దమ్మా? కుసుమక్క అడిగిన దినం నేనూ ఆడనే ఉంటి. నాకూ నోరుండాది. మన తొమ్మిది మందిలో ఒక్కరం కూడా చెప్పలేదు. నువ్వొక్కదానివే మోసుకుంటానంటే ఎట్లా?"

నాగులమ్మకు అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెంగమ్మ తల పక్కకు తిప్పి, ఈసారన్నా బాగా చేయండి, సగం సగం చేయొద్దండి అంది.

*

జూన్ మొదటి వారంలో మునిరత్నం అర ఎకరాలో ఎనిమిది మంది ఆడవాళ్లు దోకుడుపారలతో దిగారు. ఇన్నేళ్లుగా తుంగ గడ్డ తెగకుండా పీకాలని చూసినవాళ్లు ఇప్పుడు ఒక్క గొలుసూ తెగకుండా మిగలకూడదని చూశారు. మట్టిని అడుగు లోతుకు దోకి, బెడ్డలు చితక్కొట్టి, బోదెలు తోలించి, డ్రిప్పు వదిలారు. మునిరత్నం గట్టు మీద నిలబడి, ఇదేందక్కా, నా చేలో తుంగకి విత్తనం వేస్తా ఉండారా అన్నాడు. అవును, ఈసారి సేద్యం తుంగదే అంది నాగులమ్మ.

పూతకు జిగురు మిగల్లేదు. కేంద్రంలో ఉన్నదంతా పాత ప్రయోగాలకే అయిపోయింది. ముఠాలో ఒకామె రాగి గంజి వాడి చూడమంది. కుసుమ ఒప్పుకోలేదు, కానీ వేరే దారి లేక ఒక గిన్నెలో చేసి చూసింది. బూజు గంజిని ఇష్టంగా తిని ఇంకా బాగా వెలిగింది. రెండో రోజు మధ్యాహ్నం మునిరత్నం మోటారు షెడ్డులో పెద్ద డేగిసాలు పెట్టి గంజి కాచి, చల్లార్చి, బూజు కలిపి, సున్నం వేసే బ్రష్షులతో పేపర్ చుట్టల అడుగువైపు పూశారు. మూడో రోజు తెల్లారగానే బోదెల మీద పరిచి, అంచులు మట్టితో నొక్కేశారు. మట్టికీ పేపర్కీ మధ్య గాలి లేకుండా ఉండాలని నాగులమ్మ ప్రతి బోదెనూ అరచేత్తో తడిమి చూసింది.

ఆ తర్వాత చేసేదేమీ లేదు. కుసుమ రోజుకు నాలుగుసార్లు వచ్చేది. పేపర్ ఎత్తితే వెలుగు చెడుతుందేమోనని ముట్టుకునేది కాదు. అయిదో రోజు, ఆరో రోజు. ఏడో రోజున మబ్బు పట్టి చిన్న వాన పడింది. ఎనిమిదో రోజు పొద్దున నాగులమ్మ గట్టు దిగి, మొదటి బోదె పక్కన కూర్చుని, చెవిని పేపర్ దగ్గరికి ఆనించింది. కుసుమ, మునిరత్నం, మిగతా ఆడవాళ్లు చప్పుడు చేయకుండా గట్టు మీదే నిలబడ్డారు. చాలాసేపు విన్నాక లేచి రెండో బోదె దగ్గరికి పోయింది. తర్వాత మూడోది. అర ఎకరా అంతా అలా తిరిగి వచ్చి, మోకాళ్ల మట్టి దులుపుకుని, ఏమీ లేదు అంది.

అసలు మొలకే రాలేదేమో, గొలుసులు తెగలేదేమో అంది కుసుమ. ఆ కంబళి తెమ్మని నాగులమ్మ చెప్పింది. తెల్లటి పగటి ఎండలో, అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే కంబళి కింద దూరి, పేపర్ అంచు ఎత్తారు.

వెలుగు సగం చచ్చి ఉంది, సగం ఉంది. ఆ సగం చాలు. కంబళి కింద కనిపించినంత మేర, వందల కొద్దీ తుంగ మొలకలు ఆకులు విప్పుకుని పేపర్కు తగిలి మడతలు పడి పడుకుని ఉన్నాయి. పాలిపోయినవే గానీ, ఎక్కడా ఒక్క సూది మొన లేదు. అన్నీ ఒకే ఈడువి. అన్నీ ఒక్కసారే లేచి, ఒక్కసారే మోసపోయాయి.

కుసుమ కంబళి కిందే అక్క భుజం మీద తల వాల్చింది. బయట నిలబడ్డవాళ్లు ఆగలేక కంబళి లాగేశారు. ఆ తర్వాత ఒక్కొక్కరే కంబళి కప్పుకుని తలదూర్చి చూశారు. మునిరత్నం రెండుసార్లు చూశాడు. లేచి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, మోటారు షెడ్డు వైపు పోయాడు. కాసేపటికి అతను నారుమడి వాడితో ఫోన్లో బేరమాడుతున్న గొంతు వినిపించింది.

*

ఆ పంటకు ముఠా ఆ చేలో ఒక్కసారే కలుపుకు దిగింది, అదీ చిల్లుల దగ్గర వచ్చిన ఏ కొన్నింటికో. డ్రమ్ములు కాల్చేయమన్న కాగితాన్ని డైరెక్టరు సారు వెనక్కి తీసుకున్నాడు. రెండో పంటకు ఆయనే స్వయంగా వచ్చి పేపర్ పరిచేటప్పుడు నిలబడ్డాడు. మూడో పంట అయ్యాక బోదెల్లో పది చోట్ల గజం మేర మట్టి తవ్వి జల్లెడ పట్టారు. మొదటి ఏడాది అదే చేలో జల్లెడ పడితే ఒక్కో గుంటకు బుట్టెడు గడ్డలు వచ్చేవి. ఈసారి పది గుంటల్లో కలిపి దోసెడు వచ్చాయి. కుసుమ వాటిని ఒక్కొక్కటే వేళ్లతో నొక్కింది. అన్నీ డొల్లలు, వేలు పెడితే పొట్టులా నలిగిపోయాయి.

అన్నీ సంతోషాలే అని కాదు. పక్క పల్లె కలుపు ముఠా వాళ్లు ఒకరోజు పూత షెడ్డు ముందుకు వచ్చి, మా నోట మట్టి కొట్టినావని నాగులమ్మను నిలదీశారు. ఆమె వచ్చినవాళ్లలో పని నేర్చుకుంటామన్న ఆరుగురిని చేర్చుకుంది. మిగతావాళ్లు కట్టడాల పనికి బెంగళూరు బస్సెక్కారు. బెంగళూరు నుంచి ఎవరొచ్చినా నాగులమ్మ వాళ్ల సంగతి అడిగేది.

చెంగమ్మ కూతురికి ఏడాది నిండింది. బక్కపల్చగా ఉంది గానీ షెడ్డంతా పాకుతోంది. చెంగమ్మ పూత పని చూస్తోంది. గంజి ఎంత చిక్కగా ఉండాలో, బూజు ఎంత కలపాలో కుసుమకంటే ఆమెకే బాగా తెలుసు. కేంద్రం నుంచి వచ్చిన కుర్రసైంటిస్టులు ఆమెను అడిగి పుస్తకంలో రాసుకుంటున్నారు.

ఆ ఏడు శ్రావణంలో అనంతపురం జిల్లా నుంచి కబురొచ్చింది. కళ్యాణదుర్గం వైపు పుచ్చతోటల రైతులు ముప్పై మంది కలిసి, మినుకు పేపర్ వేయించుకోవాలి, చూపించేవాళ్లు కావాలి అని కేంద్రానికి ఉత్తరం రాశారు. ఉత్తరంలో పేరు పెట్టి నాగులమ్మ గారి ముఠా కావాలని అడిగారు. కుసుమ ఆ ఉత్తరాన్ని పైకి చదివితే ఆడవాళ్లు 'గారు' అన్న చోట ఆపి మళ్లీ చదవమన్నారు.

పదిహేను మంది ఆడవాళ్లు, బూజు డ్రమ్ములు, బ్రష్షులు, రాగి పిండి మూటలతో ఒక మినీ బస్సు నిండింది. వాళ్లలో పదిమంది జిల్లా దాటి ఎప్పుడూ పోలేదు. నాగులమ్మ డ్రైవరు పక్కన ముందు సీట్లో కూర్చుంది. వెనక కుసుమ, చెంగమ్మ ఒళ్లో నిద్రపోతున్న పిల్ల కాళ్లు తన ఒళ్లోకి లాక్కుని, కిటికీ గాలికి కాగితాలు ఎగరకుండా పట్టుకుని ఏదో రాసుకుంటోంది.

మధ్యాహ్నానికి బస్సు ఎర్రనేలల మధ్య ఒక తోట గట్టున ఆగింది. ముప్పై మందీ తువ్వాళ్లు భుజాన వేసుకుని ఎదురుచూస్తున్నారు. వాళ్ల వెనక, చూపు ఆనినంత దూరం, వెండి పేపర్ పరిచిన బోదెలు. ప్రతి బోదె మీదా పేపర్ను పొడుచుకుని పచ్చటి తుంగ. నాగులమ్మ చెప్పులు విడిచి తోటలో దిగింది. వంగి ఒక చిల్లులో వేళ్లు దూర్చి, మట్టి ఎత్తి, అరచేతిలో నలిపి, కిందికి వేలాడిన గడ్డల గొలుసును ఎండకు పట్టి చూసింది. పదమూడు ఉన్నాయి.

ఆమె బస్సు వైపు తిరిగింది.

"దిగండి," అంది. "చానా పనుండాది."